కోడి కాని కోడి, మేక కాని మేక

మా అక్క కొడుకు గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు. పోయిన ఆదివారం రాత్రి అన్నాలు తిన్నాక మాక్ టెస్ట్ పేపరొకటి తెచ్చి నా ముందు పడేసి, "మామా, దీనికి రెండు ఆన్సర్లు కరెక్టు కదా, కీలో ఒకటే ఇచ్చినారు" అన్నాడు. ప్రశ్న ఏంటంటే, ఐయూసీఎన్ అనే ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంస్థ రెడ్ లిస్టులో 'క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్', అంటే అంతరించే ముప్పు మరీ ఎక్కువగా ఉన్నవాటి కింద ఉన్న పక్షి ఏది అని. ఆప్షన్లు నాలుగు: పాలపిట్ట, రామచిలుక, కలివికోడి, బట్టమేక పిట్ట. కీలో కలివికోడి అని ఉంది. బట్టమేక సంగతి ఆ పేపరు తయారుచేసినాయనకి గుర్తులేనట్టుంది.

"రెండూ కరెక్టేరా, రాసి పంపించు" అన్నాను. వాడు ఊరుకోకుండా "అయితే రెండూ ఒకటే కేటగిరీనా? రెండిటికీ ఒకే ప్రమాదమా?" అన్నాడు. అక్కడ మొదలుపెట్టాను నేను. ఇరవై నిమిషాలయ్యేసరికి వాడు సోఫాలోనే నిద్రపోయాడు. మిగిలింది ఇక్కడ రాసుకుంటున్నా.

ముందు పేర్ల గోల. కలివికోడి కోడి కాదు, బట్టమేక మేక కాదు. కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి అన్నారంటే అర్థముంది, కలివికాయలు కోసుకోవడానికి వెళ్లి ముళ్లు గీరుకున్న వాళ్లందరికీ ఆ పొద తెలుసు. బట్టమేక సంగతే నాకు అంతుపట్టదు. మా తాతనడిగితే "దూరం నుంచి జూస్తే మేక నిలబడినట్టే ఉంటాది" అనేవాడు. మరి బట్ట ఎక్కడిది అంటే "నీకన్నీ కావాల" అని కసిరేవాడు. కలివికోడిని మొదట వెలుగులోకి తెచ్చిన జెర్డాన్ అనే ఇంగ్లిష్ డాక్టరు దాని తెలుగు పేరుని 'అడవ వుట-టిట్టి' అన్నట్టుగా రాసుకున్నాడు. అది 'అడవి ఉత్తతిత్తి' అయ్యుంటుందని నా ఊహ. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి. ఏ కూతని విని ఆ పేరు పెట్టారో, ఆ దొర చెవికి ఏం వినపడిందో, ఎవరికి తెలుసు.

ఇక వర్గీకరణ. పుస్తకాల్లో ఇది పొడిగా ఉంటుంది గానీ నిజానికి సరదా విషయం. కలివికోడి శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వాటస్. 1848లో బ్లైత్ అనే ఆయన దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. బైటార్క్వాటస్ అంటే రెండు పట్టీలు ఉన్నది అని, దాని రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలుంటాయి. ఇది షరాడ్రిఫార్మిస్ అనే క్రమం (ఆర్డర్) లోది, గ్లేరియోలిడే కుటుంబం. అంటే దగ్గరి చుట్టాలు ఎవరు? చెరువుగట్టు మీద మనల్ని చూడగానే అరిచి గోలచేసే తీతువు పిట్టలు, సముద్రం ఒడ్డున తిరిగే గల్ పక్షులు, నీళ్లలో పొడుగు కాళ్లతో నిలబడే ఉల్లంకులు, వీళ్లంతా ఒకే క్రమం. నీళ్ల పక్షుల కుటుంబంలో పుట్టి, నీళ్లొదిలేసి కడప రాళ్లగుట్టల పక్కన ముళ్లపొదల్లో కాపురం పెట్టిందన్నమాట. ఇంకో విశేషం, ఈ రైనోప్టిలస్ ప్రజాతిలో (జీనస్‌లో) దీని తోబుట్టువులు ఉన్నది ఆఫ్రికాలో. ఆసియా మొత్తానికి ఇదొక్కటే.

బట్టమేక ఇంగ్లిష్ పేరు గ్రేట్ ఇండియన్ బస్టర్డు, శాస్త్రీయ నామం ఆర్డియోటిస్ నైగ్రిసెప్స్. నైగ్రిసెప్స్ అంటే నల్ల తల. దీన్ని చాలాకాలం కొంగల్లాంటి సారస పక్షులతో కలిపి ఒకే క్రమంలో పెట్టారు, పొడుగు మెడ పొడుగు కాళ్లు చూసి. తర్వాత బస్టర్డులన్నిటినీ విడదీసి ఓటిడిఫార్మిస్ అని సొంత క్రమం ఇచ్చారు. ఇంకా తమాషా ఏంటంటే, ఈమధ్య జన్యువుల మీద చేసిన పెద్ద అధ్యయనాల్లో ఇవి సారసాల కంటే కోకిలలకి దగ్గరగా తేలుతున్నాయి. ఆ చుట్టరికం మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా తెగలేదు గానీ, పదిహేను కేజీల దాకా తూగే నేలపక్షికి మామిడికొమ్మ మీద కూసే కోకిల చుట్టమంటే వినడానికే బాగుంది. దీని ప్రజాతిలో నాలుగు జాతులున్నాయి: మనది కాక ఆఫ్రికా కోరీ బస్టర్డు, అరేబియన్, ఆస్ట్రేలియన్. అంటే కలివికోడి లాగే దీని తోబుట్టువులు కూడా ఎక్కువగా వేరే ఖండాల్లోనే.

కాబట్టి మా వాడి ప్రశ్నకి మొదటి జవాబు, ఈ రెండూ పక్షులే అన్నమాట తప్పిస్తే ఒకదానికొకటి ఏమీ కావు. ఒకటి 27 సెంటీమీటర్లు, అరచేతిలో నిలబెట్టొచ్చు. ఇంకోటి మీటరు ఎత్తు. ఒకటి రాత్రి తిరిగేది, ఇంకోటి పట్టపగలు. ఒకటి పొదల మధ్య, ఇంకోటి పొదే లేని గడ్డి మైదానంలో.

బట్టమేకని నేను చూశాను. ఒక్కసారే. 1992 అనుకుంటా, ఆరో తరగతి సెలవుల్లో నందికొట్కూరు పక్క మా తాత వాళ్ల ఊళ్లో ఉన్నాను. పొద్దున్నే బండెక్కించుకుని చేనుకి తీసుకెళ్తూ మధ్యలో ఎద్దుల్ని ఆపి "అదిగో చూడు, కదలొద్దు" అన్నాడు. మొదట నాకేం కనపడలేదు. తర్వాత కోసేసిన కొర్రచేను కొయ్యకాళ్ల మధ్య ఒక తెల్లటి మెడ నిటారుగా లేచింది. పైన నల్ల టోపీ పెట్టినట్టు తల. గంజిపెట్టిన పంచె కట్టుకుని పెళ్లికొచ్చిన పెద్దమనిషి ఎవరు మర్యాద చేస్తారా అని ముక్కు కాస్త పైకెత్తి నడుస్తాడే, అచ్చం అట్లా నడిచింది. రెండడుగులు వేయడం, వంగి ఏదో మిడతని పట్టడం, మళ్లీ మెడ ఎత్తడం. మాకు భయపడినట్టు కూడా లేదు. ఎద్దు తల విదిలిస్తే గంటలు మోగాయి, అప్పుడు నాలుగడుగులు పరిగెత్తి లేచింది. అంత పెద్ద రెక్కలు గాలిని కొడుతుంటే దుప్పటి దులిపినట్టు చప్పుడు. ఎత్తుకి పోలేదు, మా తాత తలపాగాకి ఇంకో రెండు మనుషుల ఎత్తు ఉంటుందేమో, అట్లాగే చదునుగా ఎగురుతూ పోయింది.

ఆ ఎత్తులో, ఆ బరువుతో ఎగరడమే ఇప్పుడు దాని ప్రాణం తీస్తోంది. బస్టర్డుల కళ్లు తలకి పక్కల ఉంటాయి, ఎదురుగా కనపడే మేర చాలా తక్కువ. కింద నేలని చూసుకుంటూ ఎగురుతుంది, ఎదురుగా కరెంటు తీగ ఉందని దగ్గరికొచ్చేదాకా తెలియదు, తెలిసినా అంత బరువుతో పక్కకి తిప్పుకోలేదు. రాజస్థాన్ థార్ ఎడారిలో ఏడాదికి 18 దాకా ఈ తీగలకి తగిలి చచ్చిపోతున్నాయని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అంచనా. దేశం మొత్తం మీద 150 కంటే తక్కువున్న పక్షికి, ఏడాదికో రెండేళ్లకో ఒక్క గుడ్డు పెట్టే పక్షికి, అది ఎంత లెక్కో మీరే చూసుకోండి. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతాల్లో తీగల్ని భూమిలో వేయమంది, సోలార్ ప్లాంట్ల వాళ్లూ ప్రభుత్వమూ అది జరిగే పని కాదన్నారు, 2024 మార్చిలో కోర్టు తన ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. కాలుష్యం లేని కరెంటు కోసం పక్షిని బలిపెట్టాలా అనే ఇరకాటం అది, అంత తేలిగ్గా ఎవర్నీ తిట్టలేం.

కానీ నందికొట్కూరు దగ్గరున్న మన రోళ్లపాడు సంగతి అట్లా కాదు. అక్కడ నాకు కోపమే.

1980లలో బట్టమేక గురించి మాట్లాడితే రోళ్లపాడు పేరు తప్పకుండా వచ్చేది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) తరఫున అసద్ రహ్మానీ బృందం ఏళ్లతరబడి ఆ పక్షిని అక్కడ గమనించింది. 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలని అభయారణ్యంగా ప్రకటించారు. మగపక్షి గొంతుకింద సంచి నేల దాకా ఉబ్బించి, తోక విప్పి, అర కిలోమీటరు దాకా వినపడేలా ఊదుతూ ఆడదాన్ని పిలవడం కోసం దూరదేశాల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. కంచె వేశారు. కంచె లోపల గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి. జింకలు రాత్రి చేలమీద పడి తినడం మొదలుపెట్టాయి. రైతుకి పక్షి మీద కోపం లేదు, నిజానికి బట్టమేక పంటకి పట్టే పురుగుల్నీ మిడతల్నీ తింటుంది, కానీ 'పక్షి కోసం' కట్టిన అభయారణ్యం జింకలు వచ్చి తింటున్నాయి కాబట్టి పక్షి కూడా శత్రువైపోయింది. ఇంతలో సాగునీళ్లొచ్చాయి. నీళ్లొస్తే ఎవరు కాదంటారు, మా మేనమామ వాళ్లు కూడా కొర్ర, జొన్న మానేసి వేరే పంటలకి వెళ్లారు. బట్టమేకకి కావలసింది చిన్న అభయారణ్యం చుట్టూ మైళ్ల కొద్దీ ఉన్న ఆ మెట్టచేలే. అవి పోయాక కంచె లోపల మిగిలినది ఒక గది మాత్రమే, ఇల్లు లేదు.

ఇప్పుడు రోళ్లపాడుకి వెళ్తే కృష్ణజింకలు కనపడతాయి, శీతాకాలంలో హారియర్ గద్దలు వస్తాయి, వానల్లో అదృష్టముంటే నేలనెమలి అనే చిన్న బస్టర్డు. బట్టమేక కనపడదు. బోర్డు మీద బొమ్మ ఉంది. పక్కన బళ్లారి జిల్లా సిరుగుప్ప వైపు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, అవైనా సరిహద్దు దాటి ఇటొస్తాయేమోనని ఆశపడేవాళ్లున్నారు. గుజరాత్‌లో కొన్ని ఆడపక్షులే మిగిలాయి, మగది లేదు. జైసల్మేర్ దగ్గర సమ్, రామదేవరాలలో 2019 నుంచి గుడ్లు తెచ్చి పొదిగించి పెంచుతున్నారు, ఆ కేంద్రాల్లో పక్షులు 60 దాటాయి, 2024లో కృత్రిమ గర్భధారణతో పిల్ల కూడా పుట్టింది. అది మంచి కబురే. కానీ పెంచినదాన్ని ఎక్కడ వదులుతారు?

కలివికోడి కథ దీనికి పూర్తిగా తిరగేసి. బట్టమేక అందరి కళ్లముందు ఉండి పోయింది, కలివికోడి ఉందో లేదో తెలియకుండానే ఉంది. పెన్నా లోయలోనూ గోదావరి వైపు భద్రాచలం, సిరొంచ దగ్గరా పందొమ్మిదో శతాబ్దంలో చూసినట్టు రికార్డులున్నాయి. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి. ఆ తర్వాత మాయం. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో, భరత్ భూషణ్ అనే బీఎన్‌హెచ్‌ఎస్ పరిశోధకుడు బొమ్మలు చూపిస్తూ పల్లెలు తిరుగుతుంటే, కడప జిల్లా సిద్దవటం పక్క రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రి టార్చి వేసుకుని వెళ్లి ఒక పక్షిని చేత్తో పట్టుకొచ్చాడు. 86 ఏళ్లు ప్రపంచం వెతికిన పక్షి ఆయనకి మామూలు పిట్టే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ తొంభైకి దగ్గర పడ్డ వయసులో కబురందగానే పరుగున వచ్చారట, అప్పటికే అది చనిపోయింది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఆ సంతోషం కంటే ఆ చచ్చిపోయిన పిట్టే ఎక్కువ గుర్తుంటుంది.

దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. దాని కోసమే తెలుగుగంగ కాలవ దారిని 2000ల మధ్యలో మార్చాల్సి వచ్చింది, ఒక చిన్న పిట్ట కోసం కాలవ పక్కకి జరగడం మన దగ్గర తరచూ జరిగే పని కాదు. పరిశోధకులు దాని కూత రికార్డు చేశారు, మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు పట్టారు, కెమెరాలు పెట్టారు. ఒక సంగతి నాకు బాగా నచ్చింది. మరీ చిక్కటి అడవిలోనూ ఉండదు, మరీ బోడి నేలలోనూ ఉండదు, హెక్టారుకి 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్నచోట ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే కట్టెలు కొట్టడం, మేకలు మేపడం విపరీతమైతే పోతుంది, పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకునీ పోవచ్చు. మేకలకాపరి దానికి విలనూ, ఒక మోతాదులో పొరుగువాడూ.

దాని గుడ్డు ఎలా ఉంటుందో ప్రపంచానికి తెలిసింది 2013లో, అదీ స్కాట్లాండ్‌లో. అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియం డ్రాయర్‌లో పాతకాలం గుడ్డొకటి దొరికితే డీఎన్‌ఏ పోల్చి కలివికోడిదేనని తేల్చారు. 1917లో కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిందట.

2010 ముందు నుంచీ చాలా ఏళ్లు మళ్లీ గట్టి ఆధారం దొరకలేదు. చూశామన్నవాళ్లు లేరు, ఫోటో లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూత రికార్డు చేశారన్న వార్త వచ్చిన రోజు నేను ఆఫీసులో పని మానేసి ఆ క్లిప్ పదిసార్లు విన్నాను. రెండక్షరాల కూత, ట్విక్-టూ, ట్విక్-టూ అని. పక్కసీటాయన "రింగ్‌టోనా సార్" అన్నాడు.

అంతకు మూడేళ్ల ముందు నేను కూడా ఒక ప్రయత్నం చేశాను, నవ్వకండి. బద్వేలులో పెళ్లికి వెళ్లి, సాయంత్రం ఒక కజిన్‌ని బతిమాలి సిద్దవటం రోడ్డు వైపు బండి మీద తీసుకెళ్లమన్నాను. ఎర్రచందనం గొడవల వల్ల రాత్రిపూట అడవిలోకి వెళ్లడం కుదరదు, వెళ్లకూడదు కూడా, అందుకని రోడ్డు పక్కనే బండి ఆపి నిలబడ్డాం. పొద్దుగుంకి ముప్పావుగంటయ్యింది. ముందు నైట్‌జార్ అనే రాత్రి పిట్ట ఒకటి చెక్క మీద సుత్తితో కొట్టినట్టు మొదలుపెట్టింది. తర్వాత దూరంగా ఏదో రెండు ముక్కల కూత. గుండె ఆగినంత పనైంది. ఫోన్ తీసి రికార్డ్ చేశాను, చేతులు వణికాయి, కజిన్ "ఏమైంది బావా" అంటున్నాడు, నోటి మీద వేలు పెట్టాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తీతువు. శుద్ధ తీతువు. చుట్టమే కదా అని సరిపెట్టుకున్నాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా వాడి రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. రెడ్ లిస్టులో ఒక జాతి ఈ గడిలోకి రావడానికి చాలా దారులున్నాయి. పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ, ఏది ఎక్కువ కాలమైతే దానిలో, 80 శాతం పడిపోవడం ఒక దారి. పిల్లల్ని కనే వయసొచ్చిన పక్షులు 250 లోపు ఉండి ఇంకా తగ్గిపోతుండటం ఒకటి. 50 లోపే మిగలడం ఇంకొకటి. బట్టమేక 2011లో ఎన్‌డేంజర్డ్ నుంచి క్రిటికల్‌లోకి దిగింది, దాన్ని లెక్కపెట్టగలం, ఎందుకు పోతోందో తెలుసు, ఏం చేయాలో కూడా చాలావరకు తెలుసు. కలివికోడికి 50 నుంచి 249 మధ్య అని రాసుంటుంది, అది లెక్కపెట్టిన సంఖ్య కాదు, నమ్మకం. 1876 తర్వాత ఎవరూ చూడని హిమాలయన్ క్వెయిల్ కూడా ఇదే గడిలో ఉంది తెలుసా? ఐసీయూలో ఉన్న పేషెంటు, ఊళ్లోంచి వెళ్లిపోయి ఉత్తరం రాయని మనిషి, ఇద్దర్నీ ఒకే రిజిస్టర్‌లో ఒకే కాలమ్‌లో రాసినట్టు.

నాకు ఏది ఎక్కువ బాధంటే, బట్టమేకే. చాలామంది కలివికోడి అంటారు, అది మన తెలుగునేల తప్ప ఇంకెక్కడా లేదు కాబట్టి. ఆ మాటకొస్తే 2018లో ఆంధ్రప్రదేశ్ కొత్తగా రాష్ట్ర పక్షిని ఎంచుకున్నప్పుడు కలివికోడిని వదిలేసి రామచిలుకని పెట్టుకుంది, తెలంగాణ పాత పాలపిట్టనే ఉంచుకుంది. సరే, కనపడని పక్షిని జెండా మీద ఎలా పెడతారు అనొచ్చు. కానీ బట్టమేక కనపడింది. మా తాతకి కనపడింది, మా అమ్మకి, నాకు కనపడింది. ఒకప్పుడు దాన్ని జాతీయ పక్షిగా పెట్టమని సలీం అలీ లాంటివాళ్లు అడిగారు, ఇంగ్లిష్‌లో పేరు ఒక్క అక్షరం తప్పు పడితే బూతవుతుందని నెమలి వైపు మొగ్గారని చెప్పుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం రెండిటికీ ఒకే జబ్బు. రెండూ ఉండేది మన రికార్డుల్లో 'బంజరు' అని రాసుకునే నేలలో. గడ్డి ఉంటే ఖాళీ జాగా, ముళ్లపొద ఉంటే పనికిరాని జాగా. అక్కడ చెట్లు నాటితే పుణ్యం అనుకుంటాం. గడ్డిమైదానంలో వరసగా యూకలిప్టస్ నాటి పచ్చదనం పెంచామని ఫోటో దిగితే, బట్టమేకకి ఆ రోజుతో ఆ నేల సరి.

నిన్న మావాడు మెసేజ్ పెట్టాడు. అభ్యంతరం రాసి పంపించాడట, జవాబు వచ్చింది. రెండు సరైన సమాధానాలు ఉన్నందున ఆ ప్రశ్నను తొలగించామనీ, అందరికీ ఒక మార్కు కలిపామనీ.